ఒక్కపొద్దులో ఆగిన మాత్ర

సోమ్లి బ్లేడుతో కాజాలు ఊడదీస్తోంది. కొత్తగూడ పక్క తండాలో కుట్టుమిషను ఆమెకే ఉంది. కాజాలు, గుండీలు తమ్ముడు సేవ్యా పని. అతని కుట్టు చీమలబారులా ఉంటుంది. హాస్టలు పిల్లల కోసం కుడుతున్న ఈ చొక్కాల మీద మాత్రం దారం ఎటు తోస్తే అటు పోయింది.

సేవ్యాకు స్కిజోఫ్రీనియా. ఇదివరకు ఒకసారి మాత్రలు మానేసి, చెవిలో ఎవరో పిలుస్తున్నారని అడవిలోకి పోయాడు. దొరికేసరికి కాళ్లు చీరుకుపోయి ఉన్నాయి.

"రాత్రి గోలి ఏస్కుంటున్నవా తమ్మీ?"

"దీక్షల ఉన్న గదక్కా. ఒక్కపొద్దు. దవాఖాన సారు రాత్రి తిన్నంక ఏస్కోమన్నడు, తిండే లేదాయె."

"గోలి ఆపుమని ఎవలు జెప్పిన్రు?"

"పూల్‌సింగ్ కాక."

దీక్షలో ఉన్నవాళ్లకు పూల్‌సింగ్ పెద్ద. ఆయన నోరు తండా కంటే ముందు లేస్తుంది, చేతులు ఇంకా లేవనే లేదు. ఇంటి రేకు ఎగిరిపోతే భార్య ఎక్కి బిగించింది, ఆయన కింద నిలబడి గాలి గురించి ఉపన్యాసం ఇచ్చాడు. తన బీపీ మాత్రకు మాత్రం ఏ దీక్షా అడ్డం రాదు.

సోమ్లి దవాఖానలో నర్సు పుష్పలతకు ఫోన్ చేసింది.

"పాలు తాగి ఏస్కోమను. రేపు తోల్కరా, నడుమ ఆపిండు గదా, సారు చూడాలె" అంది ఆమె.

ఆ రాత్రి సోమ్లి పాలగ్లాసు, మాత్ర పట్టుకుని దీక్షవాళ్ల భజన దగ్గరికే పోయింది.

"దేవుని కాడ గోలీలేంది?" అన్నాడు పూల్‌సింగ్.

"మరి నీ బీపీ గోలి ఏంజేస్తది కాకా, డోలు గొడ్తదా?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన తాళాలు గట్టిగా వాయించాడు. అంతకు మించి ఆయనకు చేతనైన పని లేదు.

సేవ్యా మాత్ర పట్టుకుని ఆగాడు. "దీక్ష చెడదా అక్కా?"

"నువ్వు మంచిగుండాలెననే గద మొక్కినం. పిచ్చి లేస్తే దేవునికేం లాభం?"

మింగాడు. నోరు తెరిచి చూపబోయాడు.

"మూస్కో. నేనేమన్న పోలీసునా?"

మర్నాడు డాక్టరు చూశాడు. ఆ తర్వాత ఏ రాత్రీ పాలు తప్పలేదు, మాత్రా తప్పలేదు. పూల్‌సింగ్ సలహాలూ తప్పలేదు, వినేవాళ్లే తగ్గారు. కొన్నాళ్లకు సేవ్యాకు నిద్ర కుదిరి, మనసు కుదుటపడ్డాక సోమ్లి ఆ చొక్కాలు అతని ముందు పెట్టింది. కాజాలన్నీ మళ్లీ కుట్టాడు. ఆమె గోటితో అంచు గీకి చూసింది. దారం కదల్లేదు.

మూట సేవ్యాయే మోసుకెళ్లి హాస్టలు వార్డెన్ చేతికిచ్చి వచ్చాడు.