పురుగులు తల ఎత్తిన పూట

ఎదురింటివాళ్ళు ప్రహరీకి సున్నం కొట్టిస్తున్నారు. ఈ మధ్యాహ్నం ఆ తడి సున్నం వాసన మా ఇంట్లోకి వచ్చేసరికి నేను అన్నం పళ్ళెం పట్టుకుని కూతురి గది ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రేపు పొద్దున్నే అది నాయుడుపేటలో మొదటి ఉద్యోగంలో చేరుతుంది, ఇక అక్కడే హాస్టల్లో ఉంటుంది. పొద్దుటి నుంచి తలుపు వేసుకుని కూర్చుంది. మూడుసార్లు తలుపు కొట్టాను; మూడుసార్లూ "కాసేపు వదిలెయ్ మా" అంది.

సున్నం వాసనంటే నాకు పలమనేరు పక్కన మా ఊళ్ళోని పట్టుపురుగుల షెడ్డు. అనపకాయల కాలంలో, చలికి గోనెసంచులు కట్టిన కిటికీల వెనక, వెదురు తట్టల్లో వేల పురుగులు మల్బరీ ఆకు కొరుకుతుంటే రేకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడు వింటూనే మేము అరుగు మీద నానిన అనపగింజల తోలు పితికేవాళ్ళం, అచ్చనగాయలు ఆడేవాళ్ళం, ఊరుబిండి నంజుకుని సంగటి మింగేవాళ్ళం. షెడ్డుకు పెద్ద మా అవ్వ, నాయన తల్లి. ఆమె చేతులు కడుక్కోమంటే కలెక్టరైనా కడుక్కుని లోపలికి రావలసిందే.

నాకు పదేళ్ళప్పుడు మా బోరు ఎండిపోయింది. ఈ పట్టు పంట చేతికి రాగానే రేణిగుంటకు పోయి గోడౌన్లో పనికి చేరతానని నాయన అమ్మతో అంటుంటే విన్నాను. పంట బాగా వస్తే ఊరు వదలాల్సిన పని ఉండదని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఇక నాకు ఆటా లేదు, పాటా లేదు. బడి వదలగానే షెడ్డులోకి పరుగెత్తి ఏ పురుగు తింటోంది, ఏది తినడం లేదని తట్ట తట్టకూ వెతుక్కోవడమే.

అవి నాలుగోసారి తోలు మార్చుకునే వేళ వచ్చింది. అప్పుడు పురుగు తల పైకెత్తి, మెదలకుండా, ఒక పగలూ రాత్రీ అలాగే ఉండిపోతుంది, మేత ముట్టదు. తట్టల్లో తేమ నిలవకుండా అవ్వ పలచగా సున్నం చల్లింది. చినుకుల చప్పుడు ఆగిపోయింది. నేను తట్ట తట్టకూ చెవి ఆనించి విన్నాను. అవ్వ కునుకు తీస్తుండగా, ఇవి ఆకలికి చచ్చిపోతే మేం ఊరు వదలాల్సి వస్తుందని, తోటలో లేతాకు కోసుకొచ్చి నాలుగు తట్టల నిండా పరిచేశాను.

లేచి చూసిన అవ్వ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఒక్కో ఆకే ఏరి తీస్తూ, "వాటి పని అవి సేసుకుంటా ఉండాయి పాపా. మనం ఈడ కూసోని సూస్తా ఉండాల, అంతే" అంది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, "ఊరికే కూసునేది శానా కష్టం, నాకు తెల్దా?" అంది. కూర్చున్నానే గానీ నా మనసు రేణిగుంటలో ఉంది.

ఆ నాలుగు తట్టల్లో పురుగులు కొన్ని మిగతావాటికంటే ముందే మేతకు లేచాయి, కొన్ని ఆ లేతాకు తడికి మెత్తబడి చచ్చాయి. మిగిలిన తట్టలు చక్కగా గూళ్ళు అల్లాయి. అయినా పదిహేను రోజులకు మా ఇంటి సామాన్లకు లారీ వచ్చింది. అంతా నా వల్లేనని లారీలో నేను వెక్కిళ్ళు పెడుతుంటే నాయన కంగారుపడి, "నీ వల్ల గాదు తల్లీ. ఈ పురుగులు తేకముందే నేను ఆడ ఇల్లు సూసి వచ్చినాను" అన్నాడు.

ఆ మాటతో తప్పు భారం దిగింది. ఇంకో దుఃఖం మాత్రం ఇప్పటికీ దిగలేదు. మా ఊళ్ళో నా ఆఖరి పదిహేను రోజులు నాకు గుర్తు లేవు. ఎవరితో ఆడానో, ఏ పూట ఏం తిన్నానో, ఆ షెడ్డులో అవ్వకు ఏ పక్కన కూర్చున్నానో కూడా చెప్పలేను. భయం ఒక్కటే గుర్తుంది.

ఇప్పుడా షెడ్డు లేదు. మల్బరీ తోటలో ప్లాట్ల రాళ్ళు పాతారు, తట్టలు ఎవరి పొయ్యిలోకి పోయాయో తెలియదు, అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. నాలుగోసారి తలుపు కొట్టబోయిన చెయ్యి దించేసి, పళ్ళెం పక్కన పెట్టి, గది ముందు నేల మీదే కూర్చున్నాను. భయం పోలేదు. రేపటి బస్సు, హాస్టలు తిండి, ఎల్లుండి ఈ ఇంట్లో ఉండబోయే నిశ్శబ్దం అన్నీ వరస కట్టి వస్తూనే ఉన్నాయి. అయినా చెవి లోపలికే పెట్టాను. బీరువా తలుపు కిర్రుమంది. బట్టలు దులిపి మడుస్తోంది. మధ్యలో ఒకసారి దగ్గింది.

చీకటి పడే వేళకు తలుపు తెరుచుకుంది.

"ఈడ కూసున్నావేమి మా?" అంటూ తనూ నేల మీదే కూలబడింది. "ఆకలైతా ఉండాది."

అన్నం చల్లారిపోయింది. అదే కలిపి పెట్టాను. నా ఎడమ పక్కన కూర్చుని, పదకొండు ముద్దలు తింది.