వానలకు దాచిన పెట్టెలు

ఆ ఏడు వానకు భివండీ కనేరిలో మా సందు మునిగింది. బట్ట నేసే సాంచాలు నీళ్లలో నిలబడిపోయాయి. మేం అటుకులు నానబెట్టుకుని తిన్నాం. మరుసటి వేసవిలో మా తెలుగువాళ్ల సంఘం మీటింగు పెట్టింది. బియ్యం, బిస్కెట్లు, కొవ్వొత్తులు, మందులు ముందే ఒకచోట దాచాలి. ఎక్కడన్నదే తేలలేదు.

కార్ఖానా సేట్లు అంజూర్ ఫాటాలో గోదాము ఇస్తామన్నారు. "మెరక మీదున్నది, ట్రక్కు పోతది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మునిగేది మేము, సామాను మాత్రం పొడిగా ఫాటాలో ఉండాలట. లేచి అడిగాను.

"నడుముల దాక నీళ్లుంటే గంత దూరం ఎట్ల పోవాలె సేట్? మా అత్తమ్మకు దమ్ము రోగం. పీల్చే పంపు అయిపోతే ఫాటాకు పోయొచ్చేదాక ఆగుతదా?"

చివరికి మా వెనక సందులో సంఘం మేడ మీది గది ఖాయమైంది. అత్తమ్మ పీల్చే పంపులు రెండు నా చేత్తోనే మందుల పెట్టెలో పెట్టాను. మెట్లు దిగుతుంటే ఎవరో "మనకు అక్కరపడేసరికి గదంత ఖాళీ అయితది, చూడుండ్రి" అన్నారు. అందరం నవ్వాం. మా ఆయన ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

వానలు మళ్లీ వచ్చాయి. నీళ్లు గడప దాటాయి. మంచం మీద కూర్చున్న అత్తమ్మ చేతిలో పంపు ఉత్తగా టిక్కుమంది. మా ఆయన గోడలు పట్టుకుంటూ సంఘం గదికి వెళ్లాడు. వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"గదిల ఏం లేదు. వాచ్‌మన్ గూడ ఖాళీ అన్నడు."

అత్తమ్మ పోనీలే అన్నట్టు చెయ్యూపింది. మధ్యాహ్నానికి పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఇల్లంతా నీళ్లుంటే ఆమెను ఎక్కడ పడుకోబెట్టాలి అనే ఆలోచిస్తున్నాను.

నీళ్లు తగ్గాక సంఘం వాచ్‌మన్ మా ఇంటికి వచ్చాడు. మరాఠీవాడు. పైకప్పు కారుతోందని పెట్టెలన్నీ మెట్ల పక్కన, ఎత్తు అరుగున్న గదిలోకి దించాడట. మా ఆయనకు "ఖాలీ ఆహే" అని చెప్పాడట. వాళ్ల మాటల్లో ఖాలీ అంటే కింద. ఇన్నేళ్లు భివండీలో బతికిన మనిషికి ఆ మాట తెలియక కాదు. వట్టి గది ముందు నిలబడేసరికి మన మాటే వినబడింది. పెట్టెలున్న గది పక్కనుంచే మెట్లు దిగి వచ్చాడు.

ఆ రాత్రి ఆయనకు అన్నం పెట్టాను, తిన్నాడు. సాంచాలు మళ్లీ నడిచాయి.

మా బిడ్డ మరాఠీ బడిలో మూడో తరగతి. ఒక సాయంత్రం టీచరమ్మలా బొమ్మకు పాఠం చెబుతోంది. ఆయన అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్ల తలెత్తకుండానే బొమ్మను నేలకు నొక్కి, "ఖాలీ బస్" అంది. కింద కూర్చో అని.

టిఫిన్ డబ్బా చేతిలో ఉండగానే ఆయన గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఈసారి సరిగ్గానే విన్నాడు.