గంజి తొట్టి

తిరుత్తణిలో మా ఇంట్లో ఆ తొట్టి మా నాయనమ్మ కాపురానికి వచ్చేటప్పటికే ఉంది. రాతి తొట్టి. పెద్ద మనిషి కాళ్ళు ముడుచుకుని అందులో పడుకోవచ్చు. మా వీధంతా మగ్గాల వాళ్ళమే, నూలుకు పెట్టే గంజి ప్రతి ఇంట్లోనూ కాచేవాళ్ళు. అంత తొట్టి మాత్రం మా ఇంట్లోనే ఉండేది. కాచిన గంజి అందులో పోసి, చిలపలుగా చుట్టిన నూలు కట్టలు ముంచి, పిసికి, పిండి, ఎండలో దండేల మీద వేసేవాళ్ళు. చిన్నప్పుడు నా చేతులు ఎప్పుడూ పులిసిన గంజి వాసన కొట్టేవి. బడిలో పక్కన కూర్చునే పిల్ల ఒకసారి ముక్కు మూసుకుంటే దాని జడ పట్టుకుని బల్లకు వేసి కొట్టాను. నా గుణం అప్పటినుంచీ అంతే.

తర్వాత లుంగీలు నేసే చేతిమగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చింది. నాన్న పోయాక అది కూడా పాత ఇనుముకింద పోయింది. ఇంక మిగిలింది ఖాళీ మగ్గం గది, అందులో కదిలించడానికి ఎవరి తరమూ కాని ఆ తొట్టి, అమ్మ, తమ్ముడు. నేను పెళ్ళై ఆవడిలో ఉన్నాను. ఆ ఇంట్లో గంజి కాచి ఎన్నేళ్ళైందో, అయినా అమ్మ నోట్లో పేరు మారలేదు. "చీపురు యాడుండాది మా?" అంటే, "గంజి తొట్టి కాడ చూడు" అనేది.

తమ్ముడు ఆవడిలోనే ఒక గవర్నమెంటు ఫ్యాక్టరీలో అప్రెంటిస్ చేశాడు. తర్వాత పర్మనెంటు ఉద్యోగానికి పరీక్ష రాసి పాసయ్యాడు. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. దానికోసం ఇంట్లో కూర్చుని నెలల తరబడి ఎదురుచూస్తున్నాడు. మా వంశంలో గవర్నమెంటు ఉద్యోగం అన్నది ఎవరూ ఎరగరు. అమ్మకు ఇంక లోకంలో వేరే సంగతే లేదు. పాలు పోయడానికి వచ్చినవాడికి కూడా చెప్పేది, "మావోనికి ఆవడిలో వేలై వస్తా ఉండాది" అని. వేలై అంటే ఉద్యోగం. మా మాటల్లో సగం అరవమే, ఏది ఎప్పుడు దొర్లుతుందో మాకే తెలియదు.

ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది.

"మే, అబ్బోడు మగ్గం గదికి బీగం వేసుకుంటా ఉండాడు. లోపల ఏందో చెట్లు పెట్టినాడు. మందు చెట్లంట."

"ఏం మందు?"

"ఏమో. ఏదో కంపెనీకి ఇచ్చేదంట. వాడు యాడికన్నా పోతే బీగం నాకిచ్చి పోతాడు, నేనే నీళ్ళు పోస్తా ఉండా. వాసన మటుకు, ఛీ! చచ్చిన పందికొక్కు నయం. నువ్వొకతూరి వచ్చి చూసిపో."

మందు చెట్లకు తాళం ఎందుకు? ఆ ఆదివారం పొద్దున్నే రైలెక్కాను.

తమ్ముడు నన్ను చూసి మగ్గం గది తలుపుకు అడ్డం నిలబడ్డాడు. వాడి జేబులోంచి తాళంచెవి లాక్కుని నేనే తలుపు తీశాను. కిటికీలకు వెండి కాగితం అంటించాడు. పైనుంచి ఊదా రంగు లైటు, మూల గిర్రున తిరుగుతున్న టేబుల్ ఫ్యాను. మా తొట్టి నిండా మట్టి. అందులో నాలుగైదు చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడి ఉన్నాయి. చూడగానే తెలిసిపోయింది. తెలియకపోవడానికి నేనేం పసిపిల్లనా? ఆవడి స్టేషన్ వెనక అది పీల్చేవాళ్ళను దాటుకునే రోజూ ఇంటికి పోతాను. కాలేజీ పిల్లల టీషర్టుల మీద కూడా ఆ ఆకు బొమ్మే.

"గంజాయా రా?" అన్నాను.

వాడు తలొంచుకున్నాడు. "నిద్ర పట్టదు అక్కా. వేలై వస్తాదా రాదా అని తలకాయంతా అదే. నా కోసరమే పెట్టుకున్నా. ఒకరిద్దరు ఫ్రెండ్సుకి ఇచ్చినా, అంతే."

అయ్యో అనిపించింది, ఒళ్ళు మండింది, రెండూ ఒకేసారి. తొట్టిలోకి చూస్తే ఇంకా మండింది. ఒక చెట్టు లైటునంతా తనే కమ్మేసి మొగుడిలాగా బలిసి నిలబడింది. దాని కింద మిగతావి పుల్లల్లా సాగి, ఆకులు పసుపెక్కి, గోడకు ఆనుకున్నాయి. ఒకటైతే వంగిపోయి పక్కదాని మీద పడి ఉంది. ఎదవకి పాడు పని కూడా సక్రమంగా చేతకాదు.

"ఇన్నింటినీ ఒకే తొట్టిలో కుక్కినావేందిరా? వేరే వేరే కుండీలు దొరకలేదా?" అన్నాను. నేనెందుకు ఆ మాట అడిగానో నాకే తెలియదు. మా అత్తగారింట్లో టమోటా మొక్కల గురించి అడిగినట్టు అడిగాను.

"అన్ని కుండీలకు ఎవుడక్కా నీళ్ళు మోసేది?" అన్నాడు.

మా తమ్ముడంటే ఏమిటో ఆ ఒక్క మాట వింటే చాలు. మోసింది మా అమ్మ.

"ఇప్పుడే పీకేయాల" అని, ఆ వంగిపోయిన దాన్ని పట్టుకుని లాగాను. అది రాలేదు. రెండు చేతులతో లాగితే మట్టి మొత్తం పెళ్ళగా లేచింది, పక్క చెట్లన్నీ దానితోపాటు ఊగాయి. అడుగున వేళ్ళన్నీ ముడులు పడి ఒకటైపోయాయి. ఒకదాన్ని తీయాలంటే అన్నింటినీ తీయాలి. కత్తి తెమ్మన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని, "సాయంత్రం నేనే తీసేస్తా అక్కా, సత్యంగా" అని ఏడుస్తున్నాడు. నేను వాడిని తిడుతూనే ఉన్నాను. అప్పుడే వీధి తలుపు కొట్టారు.

వాసన ఓర్చుకోలేక మా వీధిలోనే ఎవరో ఫోన్ చేశారట. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక ఆడ కానిస్టేబుల్. వాళ్ళు నేరుగా మగ్గం గదిలోకి వచ్చారు. నా చేతుల నిండా మట్టి. వంటింట్లోంచి అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంతమంది ఖాకీ బట్టల వాళ్ళను చూసి గోడ పట్టుకుంది. వెరిఫికేషన్‌కి వచ్చారేమోనని ఒక్క క్షణం ఆమె మొహం వెలిగింది కూడా. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తొస్తే అన్నం దిగదు.

ఎస్సై కర్రతో తొట్టిని తట్టి, "ఇదు యారుదుమ్మా?" అన్నాడు. ఇదెవరిదమ్మా అని.

అమ్మకు భయం వేస్తే అరవం మధ్యలో తెలుగు మాటలు దొర్లుతాయి. పైగా ముందు పళ్ళు లేవు. కర్ర తగిలింది తొట్టికి కాబట్టి తొట్టి గురించే అడుగుతున్నాడనుకుంది.

"ఎంగ గంజి తొట్టి సార్. ఎంగ మామియార్ కాలత్తుల ఇరుందే ఇంగ తాన్ ఇరుక్కు."

మా గంజి తొట్టి సార్, మా అత్త కాలం నుంచీ ఇక్కడే ఉంది అని. అరవంలో మన గంజిని కంజి అంటారు, గంజాయిని కంజా అంటారు. తడబడే నోట్లోంచి వచ్చిన ఆ మాట, కళ్ళెదుట ఆ చెట్లు పెట్టుకుని చూస్తున్నవాళ్ళకు ఇంకెట్లా వినిపిస్తుంది?

"మామియార్ కాలత్తుల ఇరుందు కంజావా!" అత్త కాలం నుంచీ గంజాయా అని ఒక కానిస్టేబుల్ పడీపడీ నవ్వాడు. రెండోవాడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. ఆడ కానిస్టేబుల్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ అందరి మొహాలూ చూసి, తనూ నవ్వాలేమోనని కొంచెం నవ్వింది.

నాకు నెత్తురు తలకెక్కింది. "సార్, నవ్వొద్దండి!" అని అరవంలో అరిచాను. "ఆమె చెప్పింది కంజా కాదు, కంజి. నూలుకు పెట్టే గంజి. ఈ వీధిలో ఎవరినైనా అడగండి. తొట్టి పేరు చెప్పింది, అంతే. ఈ చెట్లు ఏమిటో కూడా ఆమెకు తెలియదు."

ఎస్సై నవ్వలేదు. నావైపు చూశాడు, తలూపాడు. నా మాట నమ్మాడనే అనుకున్నాను. నమ్మాడు కూడా. మెల్లగా తమ్ముడివైపు తిరిగాడు. "అప్పో ఇంద చెడి యారుదు?" అన్నాడు. అయితే ఈ చెట్లు ఎవరివి?

తమ్ముడు ఒక్కో అడుగు వెనక్కి వేయడం నాకు కనిపించింది. అమ్మకూ కనిపించింది. నేను వాడి బదులు నోరు తెరిచాను, ఏం చెప్పేదాన్నో దేవుడికే తెలుసు.

"నువ్వు నోరు మూసుకోమే," అంది అమ్మ తెలుగులో. తర్వాత ఎస్సై ముందుకు వచ్చి నిలబడింది. ఆ లేని పళ్ళతోనే, ఈసారి ఒక్క అక్షరం జారకుండా, నిదానంగా చెప్పింది.

"కంజా తాన్ సార్. కంజి ఇల్ల, కంజా. నాన్ తాన్ వచ్చేన్. నాన్ తాన్ తణ్ణి ఊత్తినేన్."

గంజాయే సార్. గంజి కాదు, గంజాయి. పెట్టింది నేనే, నీళ్ళు పోసింది నేనే.

ఆ రెండోది నిజం. అందుకే అంత ధైర్యంగా చెప్పగలిగిందేమో. ఎస్సై పిచ్చివాడేం కాదు. చాలాసేపు ఆమెను చూసి, తమ్ముడిని అడిగాడు, "ఉంగ అమ్మా సొల్లుదు ఉణ్మైయా?" మీ అమ్మ చెప్పేది నిజమేనా అని.

వాడు ఒకసారి అమ్మవైపు చూశాడు. అమ్మ కళ్ళతోనే ఊఁ అంది, చిన్నప్పుడు వాడికి మందు తాగించేటప్పుడు అన్నట్టు.

"ఆమా సార్," అన్నాడు మా తమ్ముడు. అవును సార్ అని.

అమ్మ పెద్ద గండం గడిచినట్టు ఊపిరి వదిలింది.

చీర మార్చుకుంటానంటే ఆడ కానిస్టేబుల్ సరేనంది. అమ్మ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. జీపు దగ్గర వీధంతా గుమిగూడింది. నేను తట్టుకోలేకపోయాను. అందరి ముందూ తమ్ముడి చెంప పగలగొట్టాను. జీపులోంచి అమ్మ అరిచింది, "మే! వాని మీద చెయ్యేసినావంటే నాకు ఆడబిడ్డే పుట్టలేదనుకుంటా! వాణ్ణి నీ కాడ పెట్టుకో. వేలైలో చేరిందాకా బయట తిప్పొద్దు." రెండో దెబ్బకు ఎత్తిన నా చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది.

వాడిని మా ఇంటికే తెచ్చుకున్నాను. ఏం చేయను, అమ్మ మాట. బెయిలు కోసం వకీలు చుట్టూ నేనే తిరుగుతున్నాను, ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అంటున్నాడు. తమ్ముడు ఒక్కసారి కూడా జైలుకు రాలేదు. రావద్దని అమ్మే చెప్పింది, వాడు వెంటనే ఒప్పుకున్నాడు. వెరిఫికేషన్ అయింది. వాడి పేరు మీద ఏ కేసూ లేదు కదా. ఉద్యోగంలో చేరాడు. పొద్దున్నే లేచి క్యారియర్ కట్టేది నేనే.

ఉద్యోగం సంగతి చెప్పడానికి జైలుకు పోయాను. అమ్మ చిక్కిపోయింది. చెప్పగానే అద్దానికి అవతల రెండు చేతులూ ఎత్తి మా తిరుత్తణి కొండమీది స్వామి ఉన్న దిక్కు ఏదో తెలియక నాలుగు దిక్కులకూ దండం పెట్టింది. పక్కనున్న ఆడవాళ్ళకు అరవంలో గట్టిగా చెప్పింది, తన కొడుక్కి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత నావైపు వంగి, గొంతు తగ్గించింది.

"మే, వాని ఆఫీసులో నా సంగతి తెలిస్తే చెడ్డ పేరు. ఎవురన్నా అడిగితే అమ్మ లేదు, సచ్చిపోయిందని చెప్పమను. నేను అన్నానని చెప్పు, బాధపడతాడు ఎర్రినాయన."

తలూపి వచ్చేశాను. రైల్లో ఆవడి దాకా ఏడుస్తూనే ఉన్నాను, ఎదురుగా కూర్చున్నామె నీళ్ళ బాటిల్ ఇచ్చింది.

ఆ సాయంత్రం తమ్ముడు డ్యూటీ నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. అమ్మ చెప్పమన్న మాట, ఆమె చెప్పినట్టే, ఒక్క ముక్క మార్చకుండా చెప్పాను.

వాడు అన్నం కలుపుతూనే ఉన్నాడు. తలెత్తలేదు.

"అమ్మ లేదని చేరిన దినమే చెప్పేసినా అక్కా," అన్నాడు.