పడని మనిషి వాటా

బిక్షం ఆ పొద్దున సాంబయ్య తాటిచెట్టు మొదట్లో, తనను చెట్టుకు పట్టి ఉంచే మోకు బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. పక్క చెట్ల వాళ్లు కల్లు నిండిన లొట్లు దించుకుని, అమ్మకం జరిగే మండువకు వెళ్లిపోయేదాకా అదే పని. అందరూ వెళ్లాక ఎక్కాడు. కల్లు ఊరే గెలను గీసీ గీయనట్టు గీసి, చెట్టును కరుచుకుని దిగాడు. ఆ చెట్టు అతనిది కాదు. ఆ రోజు వంతు అతనిది.

1981 ఎండకాలం. కొడకండ్లకు కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్లో గౌడుల కుటుంబాలకు తాటిచెట్లే ఆధారం. శివరాత్రి దాటిన వారంలో, బిక్షంకు బావ వరసైన సాంబయ్య చెట్టు మీంచి పడ్డాడు. బిక్షం అప్పుడు పక్క చెట్టు మీదే ఉన్నాడు. ఇద్దరూ పైనుంచి పైకి మాట్లాడుకుంటున్నారు. నిన్నటి చేపల కూరలో పులుపు ఎక్కువైందని చెబుతూ చెబుతూ సాంబయ్య మాట మధ్యలో ఆగిపోయాడు. మోకు తెగింది. ప్రాణం పోలేదు. నడుము విరిగింది, కాళ్లు పడిపోయాయి.

గీత పనివాళ్ల సొసైటీలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసుకోలేదు, అందరికీ తెలుసు. చెట్టు మీంచి పడ్డవాడి చెట్లు ఎవరికీ పోవు. మిగతావాళ్లు వంతులేసుకుని గీస్తారు, ఎందుకంటే కత్తి తగలకపోతే గెల ఎండిపోతుంది. ఆ కల్లు వాటా పడ్డవాడి ఇంటికి చేరుతుంది, అతను బతికి ఉన్నంతకాలం. అదే కాళ్లూ చేతులూ బాగున్న మనిషి ఎక్కడం మానేస్తే చెట్లు ఇంకొకడికి పోతాయి. వాటా ఉండదు.

ఆ ఏడు పంచాయతీ సమితి అధ్యక్షుడి ఎన్నిక రాబోతోంది. పోటీలో ఉన్న గోవర్ధన్ పెద్ద భూస్వాముల ఇంటివాడు. సాంబయ్యను తన జీపులోనే వరంగల్ దవాఖానకు పంపాడు. వాపసు తెచ్చాక మంచం పట్టె మీద కూర్చుని ఫొటో దిగాడు. మర్నాడే అతని ప్రత్యర్థి హన్మంత్ బుట్టెడు బత్తాయిలతో వచ్చాడు. తర్వాత గోవర్ధన్ మనుషులు హార్లిక్స్ సీసా తెచ్చారు, హన్మంత్ మనుషులు కొత్త గొంగడి తెచ్చారు. సాంబయ్య నడుము ఇద్దరికీ పనికొచ్చింది.

బిక్షం రోజూ సాయంత్రం పలకరించడానికి వెళ్లేవాడు. మంచం పక్కన కూర్చుని, ఆ రోజు ఎవరొచ్చారు, ఏం తెచ్చారు అని సాంబయ్య భార్య అండాలును అడిగేవాడు. విని లేచి వచ్చేవాడు. ఇంట్లో అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

భార్య వజ్రమ్మ చూసి చూసి ఒకరోజు అంది: "రోజు పొయ్యి ఏం జూస్తున్నవయ్యా? మీ బావ నడుము జూస్తున్నవా, ఆయన సీస జూస్తున్నవా?"

"నోర్ముయ్."

"మూస్త. నువ్వు బువ్వ తిను."

నిజానికి అతను చూసేది మంచాన్ని. ఆ మంచం మీద పడుకున్నవాడు మళ్లీ చెట్టెక్కనక్కరలేదు. ఎందుకు ఎక్కడం లేదని అతన్ని ఎవరూ అడగరు. బిక్షంకు సాంబయ్య పడ్డ రోజు నుంచి చెట్టు సగానికి పోగానే గుండె కొట్టుకునేది, అరచేతులు చెమట పట్టేవి. కునుకు పడితే మోకు తెగిన చప్పుడు వినిపించేది. సొంత చెట్లు ఎలాగో లాక్కొస్తున్నాడు. సాంబయ్య పడ్డ ఆ చెట్టు వంతు వస్తోందంటే రెండు రోజుల ముందునుంచే మోకును పదే పదే తడిమి చూసుకునేవాడు. ఇది చెప్పుకునే జబ్బు కాదు. చెబితే చెట్లు పోతాయి.

ఎన్నికలు దగ్గరపడ్డాక గోవర్ధన్ ఊరి బళ్లో ఉచిత వైద్య శిబిరం పెట్టించాడు. గీత పనివాళ్లందరినీ పిలిచాడు. డాక్టరు బల్ల వెనక కూర్చున్నాక గోవర్ధన్ మైకు తీసుకున్నాడు.

"ఆడోళ్లకు, పోరగాండ్లకు అందరు దవాఖానలు కడ్తమంటరు. మొగోని పాణం ఎవ్వడు జూస్తున్నడు? వాని ఒంట్ల ఏమున్నదో, వాని మనసుల ఏమున్నదో ఎవ్వడన్న అడిగిండా? నేను అడుగుతున్న. గౌడన్నలారా, ఏ పరేషాన్ ఉన్నా నాకు చెప్పుకోండ్రి. సిగ్గు వడకుండ్రి."

అందరూ చప్పట్లు కొట్టారు. బిక్షం కొట్టలేదు. అతను ఆ మాట నమ్మాడు. మీటింగులో అన్న మాటను నమ్మినవాడు ఆ ఊళ్లో అతనొక్కడే.

వరుసలో అతని వంతు వచ్చింది. డాక్టరు అడిగాడు: "ఎక్కడ నొప్పి?"

"నొప్పి లేదు సారూ. చెట్టెక్కుతుంటె గుండె దడదడ కొట్టుకుంటది. నిద్ర వస్తలేదు."

డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువుందని ఎర్ర గోలీలు ఇచ్చాడు. బిక్షం గోలీలు జేబులో వేసుకుని అక్కడినుంచి కదలకుండా గోవర్ధన్ వైపు తిరిగాడు.

"పటేలా, చెప్పుకోమంటిరి గద. సాంబయ్య బావ పడ్డ కాడికెల్లి నాకు తాటిచెట్టంటె భయమైతాంది. నాకు గూడ ఏదన్న దారి జూపెట్టుండ్రి. జీపుల ఏడికన్న పంపుండ్రి."

గోవర్ధన్ ఒక క్షణం అర్థం కానట్టు చూసి, నవ్వాడు. "ఏందిరా బిక్షం, గౌడువై పుట్టి తాటిచెట్టుకు భయపడ్తవా? రెండు లొట్లు తాగు, గదే పోతది."

బడి ఆవరణంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో అరిచారు: "వజ్రక్కను ఎక్కియ్యి బిక్షన్నా! నువ్వు కింద లొట్టి వట్టు!"

నవ్వనివాడు సొసైటీ పెద్ద లింగయ్య ఒక్కడే. ఆదివారం మండువ దగ్గర కూర్చుందాం రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. దేనికోసం కూర్చోవాలో బిక్షంకు అర్థమైంది.

ఇంటికి పోతే వజ్రమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. మాట అప్పటికే వచ్చేసింది.

"పక్కల పండుకుంటవు, నాకు చెప్పలే. జీపుల వచ్చినోనికి చెప్పినవ్."

"నీకు చెప్తె ఏం జేస్తవే?"

"నవ్వకపోదును."

బిక్షం గోలీల పొట్లం గూట్లో పెట్టాడు.

శనివారం పొద్దున అందరూ చెట్ల మీద ఉన్నప్పుడు అతను తన చెట్లలో అన్నిటికన్నా పొట్టిది చూసుకుని రెండు నిలువుల ఎత్తు ఎక్కాడు. చుట్టూ చూశాడు. మోకు విప్పి భుజాన వేసుకున్నాడు, జారితే చెట్టుకే వేలాడిపోతానని. తర్వాత గట్టిగా అరుస్తూ చేతులు వదిలేశాడు.

కింద మొన్ననే దున్నిన మెత్తటి చెలక. మడమ బెణికింది. మోచేయి గీరుకుపోయింది. అతను కళ్లు మూసుకుని మూలుగుతూ పడుకున్నాడు. అరుపు విని నలుగురు దిగి వచ్చారు. లింగయ్య వంగి మడమ నొక్కి చూశాడు, తర్వాత భుజం మీద చుట్ట చుట్టి ఉన్న మోకును చూశాడు.

"ఇంతకాలం తాటిచెట్లల్ల తిరిగిన. మోకును కండువలెక్క భుజం మీద ఏసుకొని పడ్డోణ్ణి ఇయ్యాలనే సూసిన. లేరా."

బిక్షం లేచి కుంటుకుంటూ ఇంటికి నడిచాడు.

ఆదివారం మండువ దగ్గర అందరూ కూర్చున్నారు. సాంబయ్య తనను తీసుకుపొమ్మని పట్టుబడితే అతని తమ్ముళ్లు మంచంతో సహా మోసుకొచ్చారు. లింగయ్య కట్టుబాటు చెప్పాడు. పడ్డవాడికి వాటా. మానినవాడికి లేదు. బిక్షం పడలేదు.

"నిన్న పడ్డడు గదనే," అన్నాడొకడు. మళ్లీ నవ్వారు.

సాంబయ్య మంచం మీంచే గొంతు పెంచాడు. "నవ్వుడు ఆపుండ్రి. నేను పడ్డప్పుడు నాకేం కనవళ్లే. మీదికెల్లి కిందిదాక సూసింది వీడు. వారం వారం నేను పడ్డ చెట్టే ఎక్కిస్తున్నరు వీన్ని. మీరెవ్వరన్న వీన్ని అడిగిండ్రా?"

సాంబయ్య బిక్షం వైపు వేలు చూపించాడు.

"రోజు నా కాడికొస్తడు. నా సీస దిక్కు, గొంగడి దిక్కు జూస్తడు. నాకు తెల్వదనుకుంటున్నడు," అన్నాడు సాంబయ్య. "నేను వాని కాళ్ల దిక్కు జూస్త. లేసి పోతాంటె కడుపుల మండుతది. గీ బత్తాయిలన్ని ఇస్త, ఆ కాళ్లు ఇస్తవారా అని అడగాలనుకుంట. మా ఇద్దరి మధ్యల గట్లున్నది లెక్క. అయినా చెప్తున్న, వీన్ని ఎక్కియ్యకుండ్రి. వీడు ఈసారి నిజంగ పడ్తడు."

బిక్షం తల ఎత్తలేదు. లింగయ్య పక్కవాళ్లతో గుసగుసలాడాడు. తర్వాత తేల్చాడు. బిక్షం చెట్లు ఇద్దరు పడుచువాళ్లకు పోతాయి. అతను ఇక ఎక్కనక్కరలేదు. మండువలో కూర్చుని వచ్చినవాళ్లకు కల్లు పోయాలి. నిండు వాటా ఇవ్వడానికి కట్టుబాటు ఒప్పుకోదు.

ఎన్నికల్లో గోవర్ధన్ గెలిచాడు. వైద్య శిబిరం మళ్లీ పెట్టలేదు. హార్లిక్స్ సీసా అయిపోయాక ఇంకొకటి రాలేదు. పండుతాళ్లు అనే ఆ ఎండకాలపు కల్లు సీజను చివర సొసైటీ వాటాలు పంచింది. సాంబయ్యకు నిండు వాటా. బిక్షంకు సగం.