సిరా తగ్గించిన మొహం

పదవీ విరమణకి ముందటి వానాకాలంలో నేను రాజమహేంద్రవరంలోని ఒక మ్యూజియంలో సీనియర్ ఫోటోగ్రాఫర్‌ని. పగిలిపోయిన పాత గాజు నెగటివ్‌ల స్కాన్లు మా దగ్గరున్నాయి. వాటి నుంచి పాత పద్ధతిలోనే ప్రింట్లు తీసే పని మా క్యూరేటర్ గారు నాకు అప్పగించారు.

స్కాన్‌ని నెగటివ్‌గా మార్చి, మామూలు ప్రింటర్‌తో పారదర్శకమైన ఫిల్ము మీద అచ్చు వేస్తాం. వెండి లవణం పూసిన కాగితం మీద దాన్ని పరిచి దీపాల కింద పెడతాం. ఫిల్ము మీద సిరా దట్టంగా ఉన్నచోట కాగితం తెల్లగా మిగులుతుంది, పల్చగా ఉన్నచోట ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. ఏ ఛాయకి ఎంత సిరా వెయ్యాలో ప్రింటర్‌కి చెప్పే గీతని కర్వ్ అంటారు.

"మొహాలు తెల్లగా తేలాలండి," అన్నారు క్యూరేటర్ గారు. పెళ్లి ఆల్బమ్‌లకి అలవాటుపడ్డ కళ్లు ఆయనవి. ఫోటోలకి పౌడరు రాయడం నాకు ఒళ్లుమంట. అయినా పైఅధికారి మాట కాబట్టి మధ్య ఛాయల్లో సిరా పెంచాను.

ఒక ఫోటోలో లూథరన్ చర్చి వరండాలో తెల్లచీరలు కట్టుకున్న బైబిలు స్త్రీలు వరసగా నిలబడ్డారు. ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పేవారు వాళ్లు. అందులో ఒకరి కూతురు సుశీల గారు, రిటైరైన టీచరు, నిడదవోలు నుంచి వచ్చారు. తల్లిది మరో ఫోటో లేదు. నీటికాసులతో ఆవిడ చూపు సన్నగిల్లుతోంది, మిగిలిందైనా ఎన్నాళ్లుంటుందో డాక్టర్లు చెప్పలేకపోయారు.

"ఫోన్లో చూస్తే వెలుతురికి కళ్లు చెదిరిపోతున్నాయండి. కాగితం మీద ఒక్కసారి అమ్మని చూసుకుంటాను," అన్నారు.

ప్రింటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కంటికి ఆనించినట్టు పట్టుకుని, ఒక్కో మొహమే వెతికారు.

"ఇందులో మా అమ్మ లేదండి."

పాపం, చూపు పోయినట్టుందని క్యూరేటర్ గారు నా చెవిలో గొణిగారు. ఆవిడకి వినపడింది. నాకు నేను పెంచిన సిరా గుర్తొచ్చింది. అమ్మగారు ఏ రంగులో ఉండేవారని అడిగాను.

"నలుపండి. ఆ తెల్లచీరలో ఇంకా నలుపు."

అచ్చు వెయ్యడానికి ఖాళీ ఫిల్ము షీటు ఒక్కటే మిగిలింది. మధ్య ఛాయల్లో సిరా తగ్గించాలి. మరీ తగ్గిస్తే వెనకున్న వరండా చీకట్లో మొహం కలిసిపోతుంది. ఫిల్ము అంచు కత్తిరించి, దాని మీద ఫోటోలో ఒక ముక్క అచ్చు వేసి పరీక్షించుకుని కర్వ్ దించాను. వానచెమ్మకి సిరా ఆరదు, ఆరకుండా పరిస్తే కాగితానికి అంటుకుని రెండూ పాడవుతాయి. అడగకుండానే క్యూరేటర్ గారు హెయిర్ డ్రయ్యర్ అందుకున్నారు. దీపాల కింద నుంచి తీసి కడిగాక ప్రింటు పాలిపోయి కనిపించింది. ఈ రకం ప్రింటు ఆరితేనే ముదురుతుందని నాకు తెలుసు, అయినా ఆరేదాకా కూర్చోలేకపోయాను.

సుశీల గారు మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లారు. ఆవిడ వేలు వరస వెంట కదిలి, చివర ఆగింది.

"ఇదిగో. నొసలు ముడిచింది చూడండి. మేం అల్లరి చేస్తే ఇదే మొహం."

మొదటి ప్రింటు తీసి చూశాను. ఆ మొహం మీద ముడత లేదు. మేం పెంచిన సిరా దాన్ని చెరిపేసింది. క్యూరేటర్ గారు మిగతా ప్రింట్లు కూడా నా ముందు పెట్టి, అన్నీ మళ్లీ తీయమన్నారు.

మొహం తెల్లబరిస్తే పోయేది రంగొక్కటే కాదని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఎవరి ఫోటోకి కర్వ్ సరిచేసినా, మనిషి ఏ రంగులో ఉండేవారో ముందు అడిగేవాణ్ణి.