అత్తగారి గొంతు

అత్తగారికి కలలు కూడా డబ్బింగులోనే వచ్చేవి. కలలో తను నాటకం ఆడుతూ ఉంటుంది. పొగమంచులాంటి వెలుతురు, హాలు నిండా జనం. నోరు తెరవగానే సన్నగా, తేనె పూసినట్టు ఇంకెవరిదో గొంతు వచ్చేస్తుంది. ఉలిక్కిపడి లేచి, మంచం మీదే కూర్చుని గొంతు సవరించుకునేది. పక్కనున్న భర్త, నాటకాలకు లైట్లు వేసే మనిషి, "నీదే, నీదే, పడుకో" అనేవాడు.

వీధి వీధంతా ఆమెను అత్తగారనే పిలుస్తుంది. సీరియల్లో కోడల్ని రాచిరంపాన పెట్టే అత్త వేషం అలా అతుక్కుపోయింది మరి. అసలామె పెళ్లికి ముందు నుంచీ నాటకాల మనిషి. మైకు లేకుండా చివరి వరుసకు మాట అందించే బొంగురు గొంతు. సీరియల్లో చేరిన మొదటి రోజే దర్శకుడు చెవులు మూసుకున్నాడు. "అమ్మా, మీ మొహం బంగారం. గొంతు మాత్రం స్టేజీకే ఉంచుకోండి" అన్నాడు. అప్పటి నుంచి కెమెరా ముందు ఈమె పెదాలు కదపడం, ఎక్కడో గదిలో ఇంకొకావిడ మాట్లాడటం. ఆవిణ్ని ఈమె ఎప్పుడూ చూడలేదు. చూడకుండానే ఒళ్లు మండేది. కూరగాయల కొట్లో "టమాటాలెంత?" అంటే, మాట్లాడిందెవరా అని కొట్టువాడు ఆమె వెనక్కి చూసేవాడు. అక్కడ నవ్వొచ్చేది. ఇంటికి నడుస్తుంటే ఏడుపొచ్చేది.

సీరియల్ పనిలో పడి నాటకాలు ఆగిపోయాయి. ఇన్నాళ్లకు పాత బృందం వాళ్లు మళ్లీ పిలిచారు. ఒప్పుకుంది గానీ ఒకటే అనుమానం. ఈ గొంతు తనదంటే జనం నమ్ముతారా? నమ్మకపోతే ఇక జన్మలో స్టేజీ ఎక్కనని భర్తతో తెగేసి చెప్పింది. ఆయన వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

తెర లేచింది. ఎండ కాస్తున్న ఇల్లు, కిటికీ దగ్గర ఆమె. మొహం కనిపించగానే ఒకటే చప్పట్లు.

"తలుపు తియ్యండి, మా అమ్మొచ్చింది" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా గొల్లున నవ్వింది. "ఇదేంటండీ, మగగొంతు పెట్టారు?" అని ఎవరో అరిచారు.

ఆమె కదల్లేదు. నిజంగానే ఎవరో వస్తున్నట్టు కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు పైనుంచి వెలుతురు కొద్దికొద్దిగా తగ్గసాగింది. రిహార్సల్లో అలా లేదు, లైట్ల దగ్గరున్న ఆయన సొంత తెలివి. అందరికీ తెలిసిన ఆ మొహం చీకట్లో కరిగిపోయింది. ఇక మిగిలింది గొంతే. మళ్లీ అదే మాట అంది, నెమ్మదిగా, చివరి వరుసకు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాటకం అయ్యేదాకా ఎవరూ దగ్గలేదు కూడా.

మొహానికి రంగు తుడుచుకుంటుంటే మేకప్ గది గుమ్మంలో బక్కపలచటి ఆవిడ ఒకరు వచ్చి నిలబడ్డారు.

"అక్కా" అంది.

కలలో వినిపించే గొంతే. అత్తగారు దూది పక్కన పెట్టి అటు తిరిగింది.

"మీ పెదాలు చూసి డబ్బింగు చెప్పుకుంటూనే నా పిల్లల్ని పెంచానక్కా. మీరెక్కడ ఊపిరి తీసుకుంటారో నాకు తెలుసు. ఇందాక జనం నవ్వినప్పుడు మీరు ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మీ గొంతు విన్నాక, రేపు మీ మొహానికి నేనెలా మాట్లాడను?"

ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ అత్తగారి నోటికి రాలేదు. జాలేసింది, సిగ్గేసింది. కుర్చీ జరిపి, చెయ్యి పట్టుకుని ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"రేపు నువ్వు చెప్పే సీన్లో కోడల్ని ఇంట్లోంచి గెంటేశాను" అంది. "కాస్త గట్టిగా తిట్టవే చెల్లీ. ఎప్పుడూ మరీ మెత్తగా తిడతావు."