మామ్మ పెట్టని కంప్లైంటు

మునిసిపాలిటీ వాళ్ళకి ఆ కంప్లైంటు పెట్టింది నేను. దాచుకోలేదు, దాక్కోలేదు. మా వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

అప్పట్లో ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో అడ్మిషన్ల కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని. మా అత్తవారిది పద్మనాభం వైపు ఊరు. రేషన్ కార్డు, ఓటు, ఆధార్‌లో అడ్రసు అన్నీ అక్కడే. మేము మాత్రం ఇక్కడ, విశాఖపట్నంలో, ఒక ఇరుకు వీధిలో అద్దెకుండేవాళ్ళం. ఎదురుగా ఒక కర్రీ పాయింట్. దాని వెనక గదిలో మామ్మ ఉండేది. మామ్మ నాకు వరసకి ఏమీ కాదు, వీధి మొత్తానికి మామ్మ. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మిగతా రోజుల్లో కర్రీ పాయింట్లో ఉల్లిపాయలు తరిగేది. పనీ ఆ కర్రీ పాయింట్ ఆయన దగ్గరే, గదీ ఆయనదే.

ఆ కర్రీ పాయింట్ ఆయన చెడ్డవాడు కాదు. వంట బాగా చేస్తాడు, చేసిన మురికిని బాగా వదిలించుకుంటాడు. గంజి, నూనె మడ్డి, చేపలు కడిగిన నీళ్ళు అన్నీ నేరుగా కాలువలోకి. అది మా గేటు ముందుకొచ్చి ఆగేది. ఉదయం చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆ నీళ్ళు దాటితే గానీ నాకు ఉద్యోగం లేదు. ముందు మర్యాదగానే చెప్పాను. "సేయించేత్తానమ్మా" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే మర్యాదగా అదే మాట అన్నాడు. నా ఒళ్ళు మండింది. కోపం నాకు పుట్టుకతో వచ్చింది, దాన్ని దాచుకునే తెలివే రాలేదు.

మునిసిపాలిటీ కంప్లైంట్ల నంబరుకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి నా పేరు కూడా అడగలేదు. నంబరు కొడితే వివరాలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి, మీరు చెప్పక్కర్లేదు అంది. ఎంత సుఖం అనుకున్నాను.

ఆ సుఖం సంగతి చెప్పాలి. మా వీధిలో ఓటీపీ అంటే చేబదులు పంచదార లాంటిది. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి ఇస్తారు. ప్రభుత్వం తరఫున ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు మామ్మకి ఫోన్ లేదు. ఎవరిదో ఒకరి నంబరు కావాలన్నారు. నాది రాసుకోండి అన్నాను. ఆవిడ పెన్షన్ ఓటీపీలు నాకు వచ్చేవి, నేను కిటికీలోంచి అంకెలు అరిచేదాన్ని. నా సొంత వివరాలు పద్మనాభంలో మా ఆయన నంబరు మీద ఉన్నాయి. కాబట్టి ఈ ఊళ్ళో నా నంబరు కొడితే వచ్చేది నేను కాదు, మామ్మ. ఆ రోజు నాకు ఇది తట్టలేదు. ఎవరికి మాత్రం తడుతుంది?

కొన్నాళ్ళకి శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నేను వరండాలో నిలబడి సంతోషంగా చూశాను. కాలువ ఫొటో తీశాడు, నోటీసు ఇచ్చాడు, జరిమానా వేశాడు. కర్రీ పాయింట్ ఆయన గొడవేమీ పడలేదు. ఒక్కటే అడిగాడు.

"ఎవులు పెట్టినారు బావా?"

"అది సెప్పకూడదు బావా, రూలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అని, ఇక్కడ వేలితో సంతకం పెట్టమని తన ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు. సంతకానికి పట్టే టైమెంత? ఆయన చేతిలో ఆ ఫోన్ చాలాసేపు ఉంది. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి టీ తాగుతున్నాడు. నోటితో చెప్పలేదు కనక రూలు రూలులాగే ఉంది. కంచే చేను మేస్తే ఇంక ఆవుల్ని ఏమనుకోవాలి?

మర్నాడు మామ్మ పొద్దున్నే పనికి వెళ్ళి వెంటనే తిరిగి వచ్చేసింది. చేతిలో కత్తిపీట ఉంది. అది ఆవిడ సొంతం.

"ఇంక రావొద్దన్నాడమ్మా. గది కూడా కాళీ సెయ్యమన్నాడు. నానేటి సేసినానో తెల్దు" అంది.

కంప్లైంటు మామ్మే పెట్టిందని ఆయన అంటున్నట్టు వీధిలో విని, నంబరు సంగతి అప్పుడు తట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాను. ఆ కంప్లైంటు నాది, ఆ నంబరు నాది, కావలిస్తే కాల్ చూడండి అని ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడనైనా లేదు. కోపంగా కూడా లేడు, అది చూసే నాకు భయం వేసింది. బాధపడుతున్నాడు.

"నువ్వు మంచిదానివమ్మా. ముసిల్దాన్ని కాయడానికొచ్చినావు. గవర్మెంటోల ఫోన్లో అబద్దం ఉంతాదేటి? పేరుంది, డోర్ నంబరుంది, నా కళ్ళతో నాను సూసినాను. నా తల్లినాగ సూసుకున్నానమ్మా దాన్ని."

ఎదురుగా నిలబడి నిజం చెబుతున్న మనిషికంటే వేరేవాడి ఫోన్లో కనబడిన రెండు లైన్లు గట్టివి. అడ్మిషన్ల కౌంటర్లో నేనూ అదే పని చేసేదాన్ని కదా, స్క్రీన్‌లో లేకపోతే లేనట్టే అని పిల్లల తల్లిదండ్రుల్ని తిప్పి పంపేదాన్ని. కాబట్టి ఆయన్ని తిట్టడానికి కూడా నోరు రాలేదు.

సెలవు పెట్టి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా ఓపిక ఉన్నవాడు, మొత్తం విన్నాడు. ఆ కంప్లైంటు నా పేరు మీదకి మార్చి ఒక కాగితం ఇవ్వండి చాలు, ఆయనకి చూపించుకుంటాను అన్నాను. ఫిర్యాదుదారు వివరాలు రహస్యం, బయటివాళ్ళకి చూపించకూడదు అన్నాడు. నేనే ఫిర్యాదుదారుని అన్నాను. రికార్డు ప్రకారం కాదు అన్నాడు. ఎవరి మీద ఫిర్యాదు పెట్టానో అతనికి తెలిసిన రహస్యం, పెట్టిన నాకు మాత్రం తెలియకూడదు. పోనీ ఆ నంబరైనా తీసెయ్యండి అంటే, ఇంకో నంబరు తెస్తేనే ఇది తీస్తాం, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది అన్నాడు. మామ్మకి ఇప్పుడు మా వీధిలో నంబరు ఇచ్చేదెవరు? పైగా ఆ కంప్లైంటు మూసేశారు, ఫిర్యాదుదారు తృప్తి చెందినట్టు కూడా రాసేశారు.

"మరి ఈ పొరపాటు మీద ఎవరికి చెప్పుకోవాలండీ?"

"మీ ఫోన్ నుంచి ఇంకో కంప్లైంటు పెట్టుకోండి."

"పెడితే మళ్ళీ ఆవిడ పేరే పడుతుంది కదా."

"పడుతుందండీ" అన్నాడాయన. వెటకారం లేదు. నిజంగానే నా మీద జాలిపడ్డాడు.

బస్సులో తిరిగొస్తుంటే ఏడుపొచ్చింది. గోడకి చెప్పుకుంటే గోడ వినదని తెలుసు. ఇక్కడ అందరూ విన్నారు, శ్రద్ధగా విన్నారు, అయినా ఏమీ కదల్లేదు.

ఈలోగా కర్రీ పాయింట్ ఆయన ఒక మాట పంపాడు. మామ్మ నలుగురి ముందూ తప్పు ఒప్పుకుంటే గది ఉంచుతాడట. నేను మామ్మని పట్టుకుని వద్దన్నాను. చెయ్యని పని ఒప్పుకోవడమేమిటి, చర్చికి వెళ్ళే మనిషివి అన్నాను.

ఆ సాయంత్రం కూరల కోసం జనం నిలబడి ఉండగా మామ్మ కొట్టు ముందుకు వెళ్ళింది. నేనూ వెనకే పరిగెత్తాను.

"తప్పయిపోనాది బాబూ" అంది. "నానే పెట్టినాను. కాలవ కంపు బరించనేక పెట్టీసినాను."

కారణం కూడా నాదే తీసుకుంది. నేను అందరికీ వినబడేలా, కాదు, పెట్టింది నేను అన్నాను. మామ్మ నా వైపు చూడకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"ఈ పిల్లది జాలిగుండె బాబూ. నా కోసం అబద్దమాడతంది."

అందరూ తలూపారు. కర్రీ పాయింట్ ఆయన ముఖం తేటపడింది. ఈ మాట ముందే చెప్పుంటే ఇంతవరకూ రాకపోను కదా అన్నాడు. గదిలో ఉండమన్నాడు, పనికి మాత్రం రావొద్దన్నాడు. పని లేకుండా, ఒక్క పెన్షన్‌తో గది అద్దె ఎక్కణ్ణుంచి తెస్తుంది? నేను ఇస్తానంటే పుచ్చుకోలేదు. కొన్నాళ్ళు ఎలాగో గడిపి, చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆటో ఎక్కించడానికి వెళ్ళి, ఎందుకలా అన్నావు మామ్మా అని అడిగాను.

"నిజం నువ్వు సెప్పినావు, ఎవులూ నమ్మనేదు. నాను అబద్దం సెప్పినాను, ఎంటనే నమ్మీసినారు. మరేటి సెయ్యమంతావమ్మా?"

ఇప్పటికీ ఆ వీధిలో ఎవరినడిగినా తిండి పెట్టిన ఇంటిమీద కంప్లైంటు పెట్టింది మామ్మే అంటారు. నేను కాదంటే నవ్వుతారు. ఆవిడే స్వయంగా ఒప్పుకుంది కదా, నువ్వూ అక్కడే ఉన్నావు కదా అంటారు.